జట్కా వెనక బరువు

కువైట్‌లో మేం పనిచేసే ఇంటి హాల్లో గోడకు పెద్ద ఫోటో ఒకటి ఉంది. పోయిన ఎండాకాలం ఇంగ్లండులో తీసింది. పచ్చటి గడ్డి, వెనక రాళ్ళు పేర్చిన గోడ, దాని మీద బోలెడంత మబ్బు. ఇంటి యజమానురాలి మనవరాలు పొట్టి నల్ల గుర్రం మీద కూర్చుని నవ్వుతోంది. గుర్రం మూతి దగ్గర, ఫోటో అంచున, కళ్ళెం పట్టుకున్న ఒక చెయ్యి కనిపిస్తుంది. మణికట్టు వరకే. ఆ చెయ్యి నాది.

మిగతా నన్ను కోసేశారు. సాల్మియాలో ఫ్రేము కట్టేవాడు కొలత సరిపోలేదన్నాడట. మా ఇంటి యజమానురాలు, మేమందరం ఇక్కడి వాడుకలో అమ్మ అన్నట్టు మామా అని పిలిచే పెద్దావిడ, నాకు అలాగే చెప్పింది. కొలత సరిపోకపోతే ఆ మబ్బును కొయ్యొచ్చు గదా అన్నాను. మబ్బు బాగుంది అంది. రోజూ పొద్దున్నే ఆ అద్దం తుడిచేది నేనే. నా చేతిని నా చేత్తోనే తుడుచుకుంటాను.

ఇదే ఇంట్లో వంట చేసే ఆయనది కోనసీమ. నా గొడవంతా ఆయనకు నవ్వులాట.

"మీకు చెయ్యైనా మిగిలిందండి అక్కగారూ," అంటాడు. "ఇన్నేళ్ళుగా ఈళ్ళకి వండి పెడతన్నాను, నా గరిటైనా ఏ ఫోటోలోనూ పడలేదండి."

ఆయనకు తెలియనిది ఏమిటంటే, గుర్రం దగ్గర నాకు అన్యాయం జరగడం ఇది మొదటిసారి కాదు. మొదటిది జరిగినప్పుడు నాకింకా పాల పళ్ళు పూర్తిగా ఊడలేదు.

మా నాయన జట్కా తోలేవాడు. కడప సీమలో రైలు స్టేషను ఉన్న చిన్న ఊరు మాది. రైలు దిగిన వాళ్ళను ఊళ్ళోకీ, చుట్టుపక్కల పల్లెలకూ చేర్చడం ఆయన పని. ఇప్పుడు జట్కా చూడని వాళ్ళే ఎక్కువ కాబట్టి చెబుతాను. దానికి రెండే చక్రాలు. పైన వంపు తిరిగిన గూడు. లోపల బల్లలూ కుర్చీలూ ఉండవు, పచ్చిగడ్డి పరిచి దాని మీద గోనెపట్టా వేస్తారు. ఆ గడ్డి వాసన, గుర్రం చెమట వాసన, నాయన బీడీ వాసన కలిసిపోయి ఒక్క వాసనగా నా ముక్కులో ఉండిపోయాయి. ఇప్పటికీ వాటిని విడదీయలేను.

రెండు చక్రాల బండికి తూకం కుదరాలి. జనం మరీ వెనక్కి కూర్చుంటే గుర్రాన్ని కట్టే నొగలు పైకి లేస్తాయి, గుర్రానికి కాలు ఆనదు. మరీ ముందుకు కూర్చుంటే భారమంతా దాని వీపు మీద పడుతుంది. అందుకని బండి కదిలే ముందు నాయన అందరినీ జరిపేవాడు. కచేరీ గుమాస్తా అయినా, కొత్త పెళ్ళికూతురైనా, ఆయన జరగమంటే జరగాల్సిందే. సామీ, రవ్వంత ముందుకు. అమ్మా, నువ్వు మూలకు. ఎంత జరిపినా కుదరకపోతే నన్ను పిలిచేవాడు.

బడి లేని రోజుల్లో నా ఉద్యోగం అది. జట్కా వెనక బరువు. వెనక చెక్క మీద, కాళ్ళు బయటికి వేలాడేసి, వచ్చిన దారి వైపు ముఖం పెట్టి కూర్చునేదాన్ని. ఎత్తు రాగానే "ముందుకు జరుగు మే" అని కేక వచ్చేది. పల్లం రాగానే "వెనక్కి జరుగు మే." నా బరువు చాలకపోతే గుర్రానికి పెట్టే ఉలవల సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టేవాడు. లోపల కూర్చున్న ఆడవాళ్ళు పాప తొడలు నొస్తాయేమో అనేవాళ్ళు. దానికి అలవాటే అనేవాడు నాయన. అలవాటేనని నేనెప్పుడూ అనలేదు.

మా అన్న నాయన పక్కనే నొగ మీద కూర్చునేవాడు. దారి ఖాళీగా ఉంటే పగ్గాలు కూడా పట్టుకునేవాడు. వాడికి గుర్రం చెవులు కనిపించేవి, వచ్చే దారి కనిపించేది. నాకు గుర్రం తోక కూడా కనిపించేది కాదు. ఊరంతా గుర్రం బండి మీద తిరిగాను, నేను చూసిందల్లా వెనక్కి పోయే రోడ్డు, దాని మీద పడిన లద్దె. ఏ ఇల్లు వచ్చినా, ఏ చెట్టు వచ్చినా, దాటిపోయాకే నాకు తెలిసేది.

ఇంట్లో రోజూ గుర్రానికి పెద్ద కుండలో ఉలవలు ఉడికేవి. అవ్వ ఉడికిన గుగ్గిళ్ళు వంచి గుర్రానికి పంపేది, ఆ నీళ్ళలో చింతపండు పిసికి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు వేసి మాకు చారు కాచేది. గుర్రానికి గింజలు, మాకు నీళ్ళు. కుండ దించీ దించగానే నేను ఒక పిడికెడు గుగ్గిళ్ళు లంగా ఒడిలో వేసుకుని, ఉప్పు చల్లుకుని, గుర్రపుసాల వెనక కూర్చుని తినేదాన్ని. సగం నేను, సగం అది. దాని పెదవులు నా అరచేతి మీద మెత్తగా, తడిగా తిరిగేవి. అవ్వకు దొరికిపోతే చెవి మెలిపెట్టేది. గుర్రం తిండి తింటే గుర్రంలాగా సకిలిస్తావు అనేది. ఈ మధ్య మా వంటాయన ఉలవచారు కాచి, హోటళ్ళలో ఇలాగే ఇస్తారని మీద మీగడ వేసి తెచ్చాడు. ఉలవచారులో మీగడ ఏమిటని ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ గుర్రం ఎక్కాలని నాకు ఎంత ఉండేదో చెప్పలేను. ఎక్కని వాళ్ళు లేరు. అన్న దాన్ని వంకకు కడగడానికి తోలుకుపోతూ జీను లేకుండానే ఎక్కేవాడు. పెళ్ళికొడుకులందరూ ఎక్కారు. మద్రాసు నుంచి వచ్చిన షావుకారు కొడుకు ఎక్కి, పడి, మళ్ళీ ఎక్కాడు. నేనడిగితే అవ్వ, ఆడపిల్ల కాళ్ళు ఆపక్కొకటి ఈపక్కొకటి వేసి కూర్చుంటే ఊరు నవ్వదా అనేది. నాయన అలా అనేవాడు కాదు. అంతకన్నా చెడ్డగా, ఎక్కిస్తాననేవాడు. వానలు పడనీ అన్నాడు, పడ్డాయి. నాడాలు కొట్టించనీ అన్నాడు, కొట్టించాడు. పరీక్షలు కానీ అన్నాడు. పరీక్షలు కూడా అయ్యాయి, పాసయ్యాను.

ఒకసారి నేనే ఎక్కేద్దామని అన్న వెంట వంకకు పోయాను. వాడు చొక్కా ఉతుక్కుంటుంటే ఒక బండరాయి ఎక్కి, గుర్రం జూలు పట్టుకుని, ఒక కాలు ఎత్తాను. వాడు చూసి, పగ్గం పట్టి గుర్రాన్ని ఒక్క అడుగు ముందుకు లాగాడు. బురదలో పడ్డాను. వాడికి ఇప్పుడు మనవళ్ళు. పోయినసారి ఫోనులో ఆ సంగతి ఎత్తితే నాకు గుర్తు లేదే అన్నాడు. ఎందుకు గుర్తుంటుంది, పడింది నేను గదా.

ఆ ఏడు ఎండాకాలానికి స్టేషను ముందు ఆటోలు వరసగా నిలబడడం మొదలైంది. జట్కాలు ఒక్కొక్కటే కనిపించకుండా పోయాయి. నాయన ఇంట్లో ఏమీ చెప్పలేదు, కనీసం నాతో చెప్పలేదు. ఒక రోజు పొద్దున ఒక లావాటి మనిషి వచ్చాడు. దూరపు ఊళ్ళో పెళ్ళిళ్ళకు బ్యాండు మేళం నడుపుతాడట. గుర్రం నోరు తెరిచి పళ్ళు చూశాడు, కాళ్ళెత్తి నాడాలు చూశాడు. అవ్వ ఆయనకు మజ్జిగ ఇచ్చి, గుర్రం నుదుట ఇంత కుంకుమ పెట్టి, లోపలికి పోయి మళ్ళీ బయటికి రాలేదు. ఏదో పెళ్ళికి బాడుగ కుదిరిందనుకున్నాను.

నాయన బండి కట్టి నన్ను పిలిచాడు. ఆ లావాటాయన ముందు కూర్చున్నాడు, అన్న ఎప్పటిలాగే నొగ మీద. నేను లేకపోతే ఆ బండి గడప దాటదు. ఆ సంగతి తెలిసి, మొండికేశాను. గుర్రమెక్కిస్తేనే వస్తానని వాకిట్లో నిలబడ్డాను.

నాయన గుర్రం కళ్ళ గంతలు సర్దుతున్నాడు. నా వైపు చూడలేదు.

"వచ్చేటప్పుడు ఎక్కిచ్చాలే మే."

"నిజంగా?"

"ఎక్కు. ఎండెక్కుతాది."

ఎక్కాను. ఉలవల సంచి తెచ్చి ఒళ్ళో పెట్టాడు.

ఆ ప్రయాణం నాకు మహా బాగుంది, అదే నాకు ఎక్కువ కోపం. దారిలో నాయన బొరుగులు కొనిచ్చాడు, అడగకుండానే. చెర్నాకోల ఒక్కసారి కూడా లేవలేదు. ముందు నుంచి మాటలు వినపడుతున్నాయి. దీనికి టపాకాయల చప్పుడు పడదని నాయన చెబుతున్నాడు. ఎడమ చెవి వెనక గోకితే గమ్మునుంటుందని, నీళ్ళు చల్లగా ఉంటే తాగదని. పెద్దవాళ్ళు ఊసుపోక చెప్పుకుంటున్నారనుకున్నాను. ఎత్తుల్లో ముందుకు జరిగాను, పల్లాల్లో వెనక్కి జరిగాను, పిలవకముందే. వచ్చేటప్పుడు ఏ వంతెన దగ్గర ఎక్కాలో, ఊళ్ళోకి వచ్చేసరికి ఎవరెవరు అరుగుల మీద ఉంటారో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

ఆ ఊళ్ళో గుర్రాన్ని విప్పి పెరట్లోకి తోలుకుపోయారు. నేను బండి వెనకే కూర్చున్నాను. చాలాసేపటికి నాయన, అన్న వచ్చారు. నాయన చేతిలో చెర్నాకోల ఒక్కటే ఉంది.

"దిగు మే, పోదాం."

"గుర్రం?"

"అది ఇంక ఈడ్నే ఉంటాది."

"వచ్చేటప్పుడు ఎక్కిచ్చా అంటివే."

నాయన చెర్నాకోల తాడును పిడి చుట్టూ చుట్టడం మొదలుపెట్టాడు. ఆ బ్యాండాయన బయటికి వచ్చి, ఉలవల సంచి ఇక్కడ పెట్టి పో పాపా అన్నాడు. సంచిని రెండు చేతులా కావలించుకున్నాను. ఆయన లాగబోతే నాయన, ఉండనియ్యి సామీ అన్నాడు.

బండి కూడా అక్కడే వదిలేసి, తిరిగి నడిచి వచ్చాం. రోడ్డు కాలుతోంది. ఎదురుగా వచ్చే దారిని చూస్తూ రావడం నాకు అదే మొదలు. కొంచెం దూరం పోగానే నాయన వంగి, భుజమెక్కు మే, కాళ్ళు నొస్తాయి అన్నాడు. నాకొద్దన్నాను. సంచన్నా ఇయ్యి అన్నాడు. ఇయ్యనన్నాను. ప్రతి ఎత్తు దగ్గరా ఆయన అలా వంగడం, నేను పక్కనుంచి దాటిపోవడం. నేనెక్కుతా నాయనా అన్నాడు అన్న. వాణ్ణి ఎక్కించుకోలేదు. ఆ రోజు నాయన న్యాయంగా చేసింది ఆ ఒక్కటే.

సంచిలో ఉలవలు అయిపోయేదాకా అవ్వ చారు కాచింది. ఈసారి గింజలు కూడా మాకే. కోపం కోపమే, చారు చారే, తిన్నాను. చెర్నాకోల గోడకు మేకు మీద వేలాడింది. నాయన నూనె మిల్లులో మూటలు మోయడానికి పోయాడు.

ఇంకొక సంగతి ఉంది. ఆ తర్వాత మా నాయన నోట 'వచ్చేటప్పుడు' అన్న మాట నేను వినలేదు. సంతకు పోతూ కూడా అనేవాడు కాదు. నేను మొదటిసారి కువైట్‌కు వస్తుంటే బస్టాండులో మా ఊరి ఆడవాళ్ళం ఐదారుగురం ఉన్నాం. అందరి తండ్రులూ 'వచ్చేటప్పుడు అది తే', 'వచ్చేటప్పుడు జాగ్రత్త' అంటూ ఏదో ఒకటి చెబుతున్నారు. మా నాయన నా పెట్టె బస్సు మీద వేసి, దిగి, పదిలం అని నిలబడ్డాడు. అంతే. కూతురు సముద్రం దాటి పోతుంటే 'వచ్చేటప్పుడు' అన్న ఒక్క మాట అనలేకపోయాడు. విమానంలో అన్నం పెడితే ఆ కోపంలో తినలేదు. ఆయన పోయినప్పుడు ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు కొత్తది చేయించడానికి ఇచ్చి ఉంది, పోలేకపోయాను.

ఇక ఇంగ్లండు. ఇక్కడ కాల్చే ఎండలు మొదలవగానే మామా వాళ్ళు అక్కడ ఒక పల్లెలో ఇల్లు తీసుకుంటారు. పోయిన ఏడు నన్నూ తీసుకుపోయారు. రోజూ వాన. ఆ వానలోనే గుర్రపు స్వారీ. ఒక పొలం దగ్గర గుర్రాలుంటాయి, పిల్లలూ పెద్దలూ వరసగా వాటి మీద గుట్టలకూ అడవులకూ పోయి వస్తారు. తడిసి, బురదై, ముక్కులు ఎర్రబడి తిరిగొచ్చి, ఎంత బాగుందో అంటారు. నేను కోట్లు పట్టుకోవాలి, బూట్లు కడగాలి, సమోసాలు వేడిగా ఉంచాలి. గేటు దగ్గర కారు తలుపు తీసిన మొదటి రోజు తడి గడ్డి, గుర్రం చెమట కలిసిన వాసన వచ్చింది. బీడీ ఒక్కటే లేదు.

మామా మనవరాలికి పడుకునేటప్పుడు కథలు కావాలి. నాకు కథలు రావు కాబట్టి జట్కా సంగతే అరబ్బీ, ఇంగ్లీషు కలిపి చెబుతుంటాను. 'నాయన' అన్న తెలుగు మాటకు వేరే మాట పెట్టబుద్ధి కాక అలాగే ఉంచాను, ఆ పిల్లకు అది వచ్చేసింది. ఆ ఫోటో తీసిన రోజు, నేను కళ్ళెం వదలగానే, ఆ పిల్ల గుర్రాల యజమానురాలిని పిలిచి ఈమె ఎక్కాలి అంది. ఆ యజమానురాలు నా వయసు మనిషే, పొడుగ్గా, నెరిసిన జుట్టుతో. సరేనని నన్ను కాటా ఎక్కించింది. అక్కడ ఎవరైనా కాటా ఎక్కాకే గుర్రమెక్కాలి. నా బరువు చూసి తల అడ్డంగా ఊపింది. ఈ గుర్రాలు మొయ్యలేవు, మొయ్యగలిగిన పెద్ద గుర్రం మీద ఇప్పుడు వేరే ఆయన పోతున్నాడు, వాళ్ళు తిరిగి వచ్చాక ఎక్కవచ్చు అంది.

చిన్నప్పుడు చాలదన్న బరువు ఇప్పుడు ఎక్కువైంది. సరే, దాన్నైనా మింగుదును. మామా నా భుజం తట్టి, "బాదేన్," అంది. తర్వాత అని. "వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు ఎక్కుదువులే."

"నాకొద్దు మామా. ఖలాస్," అని కారులోకి పోయి కూర్చున్నాను.

గుర్రాలన్నీ గోడ పక్కనుంచి పోయాయి. పెద్ద గోధుమ రంగు గుర్రం అన్నిటికన్నా వెనక పోయింది. దాని తోక మలుపు తిరగడం చూసి అద్దం ఎత్తేసుకున్నాను. సమోసాలు చల్లారితే చల్లారనీ అనుకున్నాను. అది రాదని నాకు తెలుసు. ఎక్కడో అమ్మేస్తారు. కాలు విరుగుతుంది. ఏదో ఒకటి చెబుతారు.

వచ్చింది. వానలో ఆవిర్లు కక్కుతూ, అందరికన్నా వెనక, అదే పెద్ద గుర్రం. యజమానురాలు దాన్ని తిన్నగా కారు దగ్గరికి నడిపించుకొచ్చి, ఇక దిగమన్నట్టు నా వైపు చూసింది. మామా మనవరాలు అద్దం మీద కొడుతోంది. యల్లా, యల్లా, పద పద అని. నాకొద్దని చెప్పడానికే తలుపు తీశాను. గుర్రం తల దించి, నా చేతిని వాసన చూసి, పెదవులతో తడిమింది. అరచెయ్యంతా తడి.

స్వారీ టోపీ తలకు పట్టలేదు, కొప్పు విప్పాల్సి వచ్చింది. చెక్క మెట్లెక్కాక ఇద్దరు కింద నుంచి తోశారు, మామా తలగుడ్డ కొస అడ్డం పెట్టి నవ్వింది. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంటుంది. పైన జీను రాయిలాగా ఉంది. తొడలు పట్టేశాయి. ఇంతేనా అనిపించింది. ఇంతకోసమా ఇన్నాళ్ళు అనిపించింది. అప్పుడు ముందుకు చూశాను. రెండు చెవులు, వాటి మధ్య దారి. ఇంకా రాని దారి.

యజమానురాలు కళ్ళెం పట్టుకుని నడిపిస్తోంది. గేటు దాటాక చిన్న పల్లం వచ్చింది. గుర్రం ముందుకు దిగింది, నేను దాని మెడ మీదికి తూలాను. ఆమె ఇంగ్లీషులో ఏదో కేక వేసింది. నాకు ఇంగ్లీషు వినపడలేదు. వెనక్కి జరిగాను. గుర్రం సర్దుకుంది.

"జరిగినాలే నాయనా," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను.

యజమానురాలు ఆగి, ఏమంటోంది అని మామా మనవరాలిని అడిగింది. పక్కనే నడుస్తున్న ఆ పిల్లకు వచ్చిన తెలుగు ఒక్క మాటే, 'నాయన' అని.

"వాళ్ళ నాన్నను తిడుతోంది," అని చెప్పింది.

తిట్టలేదు. జరిగానని చెప్పాను. ఈ ఇంట్లో నా మాటను ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్ళు ఒక్కరు లేరు.